కాలు మోపే కప్పు

తెలుగులో ఇంటికప్పుకు సంబంధించిన మాటలకు కొదవ లేదు. పూరిల్లు, పెంకుటిల్లు, రేకులిల్లు అన్న పేర్లు ఆ కప్పును దేనితో వేశారో చెబుతాయి. కోస్తా జిల్లాల డాబా, రాయలసీమ మిద్దె మాత్రం ఇంకొక సంగతిని కూడా తమలో దాచుకున్నాయి. ఆ కప్పు మీదికి మనిషి ఎక్కవచ్చు. డాబా మీద వడియాలు పెట్టారని, మిద్దె మీద పడుకున్నారని అంటాము గాని, పెంకుల మీద పడుకున్నారని ఎవరమూ అనము.

చదునైన కప్పు ఒక విచిత్రమైన వస్తువు. కింద ఉన్నవారికి అది కప్పు, పైన ఉన్నవారికి అది నేల. వాన, ఎండ, మనిషి పాదం, ఈ మూడింటికీ దాని మీది పైపొర ఒక్కటే సమాధానం చెప్పుకోవాలి. ఆ పైపొరను మన పెద్దలు దేనితో చేసుకున్నారు, మనం దేనితో చేసుకుంటున్నాము అన్నదే ఈ టపా విషయం. ఇటువంటి పొడి విషయం మీద ఇంత పొడుగు టపా ఏమిటని మిత్రులు విసుక్కోవద్దు. ఇటుకలూ సున్నమూ అనిపించినా, దీని వెనుక మనుషుల కథ కొంత ఉన్నది.

మన ముంగిట్లోకి వచ్చే ముందు ఒకసారి పురాతన రోము దాకా వెళ్ళి వద్దాము. క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దానికి చెందిన విట్రూవియస్ అనే వాస్తుశిల్పి తన గ్రంథం ఏడవ భాగంలో ఆరుబయట, మేడల మీద వేసే నేలల గురించి ప్రత్యేకంగా రాశాడు. చెక్కలను ఒకదానికొకటి అడ్డంగా రెండు వరుసలు పరిచి మేకులు కొట్టాలట. వాటి మీద రాతిముక్కలూ, దంచిన పెంకూ, సున్నమూ కలిపిన పొర వేయాలట. అటువంటి పొరను పదేసి మంది జట్లుగా నిలబడి కొయ్యలతో దిమ్మిస కొట్టాలని కూడా చెప్పాడు. పై నేలకు పది అడుగులకు రెండు వేళ్ళ వాలు ఇమ్మన్నాడు. రోమను అడుగుకు పదహారు వేళ్ళు గనుక ఆ వాలు 80కి 1 అవుతుంది. నూరడుగులకు ఒక అడుగు కన్న తగ్గకుండా వాలు ఉండాలని చెప్పే నేటి ఇంజనీరు ఆ లెక్క చూసి తల ఊపుతాడు. అన్నిటికన్న నన్ను ఆకట్టుకున్నది ఆయన చివరిలో చెప్పిన మాట. ఏటేటా చలికాలం రాకముందే ఆ నేలకు నూనెమడ్డిని బాగా పట్టించాలని అన్నాడు. పైకప్పు ఒకసారి వేసి మరచిపోయే వస్తువు కాదని ఆయనకు తెలుసు.

ఇప్పుడు రాయలసీమ మిద్దె ఎక్కుదాము. గోడల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద వెదురో, పుల్లలో, బండలు దొరికే కడప, కర్నూలు ప్రాంతాలలో నాపబండలో పరుస్తారు. ఆపైన మట్టి మెత్తుతారు. అన్నిటికీ పైన చౌడుమట్టి. పంట పండని చౌడునేలను రైతు తిట్టుకుంటాడు గాని ఇల్లు కప్పుకునేవాడికి అదే బంగారం. ఇందులో ఒక చక్కని విజ్ఞానం ఉన్నది. చౌడులో సోడియం పాలు ఎక్కువ. తడి తగలగానే ఆ మట్టిలోని సన్నని బంకరేణువులు ఒకదానినొకటి విడిచి విడివిడిగా చెదిరి, మట్టిలోని సన్నని రంధ్రాలలోకి చేరి వాటిని మూసేస్తాయి. నీరు కిందికి దిగడానికి దారి ఉండదు. పొలంలో వేరుకు ఊపిరాడనివ్వని గుణమే మిద్దె మీద వానను ఆపే గుణమయింది.

కాని ఈ చౌడు వానకు కొంత కొట్టుకుపోతుంది, ఎండకు నెరదీస్తుంది. అందువల్ల వానాకాలానికి ముందు ఎవరో ఒకరు మిద్దె ఎక్కి, మొలిచిన గడ్డి పీకి, నెర్రెలు చూసి, కొత్త చౌడు చల్లి తొక్కాలి. ఆ తొక్కడంలోనే కప్పు గట్టిపడుతుంది. ఎక్కడ మెత్తగా ఉన్నదో, ఏ దూలం కింద కప్పు కుంగుతున్నదో ముందు కాలికి తెలుస్తుంది. పాత మట్టిని గీకి తీయకుండా ఏటేటా కొత్త మట్టి పోస్తూపోతే బరువు పెరుగుతుంది. దూలాలకు చెదలు పట్టి, పైన మట్టి నానినప్పుడు మిద్దె కూలుతుంది. జడివానల కాలంలో మట్టిమిద్దె కూలి నిద్రలోనే మనుషులు పోయారన్న వార్త పత్రికల జిల్లా పేజీలలో మనమందరం చదివినదే. కనుక మట్టిమిద్దెను ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. ఆ కప్పుకూ మనిషికీ మధ్య ఏడాదికి ఒక్కసారైనా పలకరింపు ఉండేదని మాత్రమే చెబుతున్నాను. ఆ పలకరింపు తప్పిన ఇల్లే ముందుగా కూలేది.

కోస్తా పట్టణాలలో పాత డాబాల కథ వేరు. ఇంజనీర్లు దీనిని మద్రాసు టెర్రసు అంటారు. చెన్నపట్నంలోనే గాక పాత మద్రాసు రాష్ట్రంలోని తెలుగు పట్టణాలలోనూ ఈ పద్ధతి నడిచింది. టేకు దూలాలను వరుసగా వేసి, వాటి మీద ఆరంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం గల పలుచని ఇటుకలను అంచు మీద నిలబెట్టి, ఐమూలగా సున్నంతో పేరుస్తారు. వాటి మీద మూడు నాలుగు అంగుళాల మందాన ఇటుక కంకర కలిపిన సున్నం. దాని మీద రెండు వరసల బల్లపరుపు పెంకులు, కింది వరస అతుకు మీద పై వరస అతుకు పడకుండా. అంతా కలిపితే ఏడెనిమిది అంగుళాల కప్పు. మన భారత ప్రమాణాల సంస్థ ఈ పద్ధతికి ఐఎస్ 2119 అన్న సంఖ్యతో ఒక నియమావళినే ప్రచురించింది.

ఆ సున్నం సంచులలో వచ్చేది కాదు. రాయినో, సముద్రతీరాన గుల్లలనో కాల్చి, నీట విరిచి, ఇసుకతోనో సుర్ఖీతోనో కలిపి, గుండ్రని కాలువలో రాతిచక్రాన్ని ఎద్దుతో తిప్పించి నూరేవారు. అదే గానుగ సున్నం, డంగు సున్నం. సుర్ఖీ అంటే ఇటుకపొడి. ఎరుపు అన్న అర్థంగల పారశీక పదం నుండి వచ్చిన మాట. గచ్చు అన్న మన మాటకు కూడా పారశీకంలో లేపనమని అర్థమిచ్చే 'గచ్' చుట్టమే. ఒక మేస్త్రీ నోట రెండు మూడు భాషలు అతుకు కనబడకుండా కలిసిపోయాయి.

ఇటుక కంకర వేసిన తరువాత అసలు పని మొదలవుతుంది. కూలీలు, ఎక్కువగా ఆడవారు, వరుసగా కూర్చుని చెక్కబల్లలతో దానిని కొట్టాలి. బెల్లమూ కరక్కాయా నానబెట్టిన నీళ్ళు చల్లుతూ రోజుల తరబడి కొట్టాలి. ఎప్పటిదాకా అంటే, బల్ల దెబ్బకు గుంట పడకుండా బల్లే వెనక్కు ఎగిరేదాకా. బెంగాలులో ఈ కప్పు కొట్టే పనికి తోడుగా పుట్టిన పాటలకు జానపద సాహిత్యంలో ఒక ప్రత్యేకమైన పేరే ఉన్నది. విట్రూవియస్ రోములో పదేసి మంది జట్లతో చేయించిన పని, రెండు వేల ఏళ్ళ తరువాత మన ఊళ్ళలో దాదాపు అదే తీరున సాగింది. ఆ దెబ్బలు వేసిన చేతుల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. కట్టించినవారి పేరు, సంవత్సరము మాత్రం గుమ్మం పైన సున్నపు అక్షరాలలో కనిపిస్తూనే ఉంటాయి.

ఈ సున్నపు డాబాకు రెండు మంచి గుణాలు. మొదటిది, సన్నని పగుళ్ళను అది కొంతవరకు తనకు తానే పూడ్చుకుంటుంది. పగులులోకి దిగిన నీటిలో కొంత సున్నం కరిగి, ఆరినప్పుడు అక్కడే మళ్ళీ పేరుకుంటుంది. రెండవది, అది నీటిని కొంచెం పీల్చుకుని మెల్లగా వదిలిపెడుతుంది. వేసవి సాయంత్రాలలో డాబాను తడిపి పక్కలు వేసుకోవడం మనలో చాలామందికి ఎరుకే. పెంకూ సున్నమూ పీల్చిన ఆ నీరు ఆవిరవుతూ డాబాలోని వేడిని తీసుకుపోతుంది. నునుపైన గాజుపూత పలకల మీద అదే నీళ్ళు చల్లి చూడండి. పీల్చుకునే గుణం లేదు గనుక నీరు జారి తూము వెంట పోతుంది, ఎవరో ఒకరు కాలు జారి పడతారు.

తెలంగాణ వైపు, సీమ వైపు రాతి కథ కూడా చెప్పుకోవాలి. ఉమ్మడి కర్నూలు, కడప, అనంతపురం జిల్లాలలో బేతంచెర్ల, తాడిపత్రి చుట్టుపక్కల పొరలు పొరలుగా విడివడే సున్నపురాయి ఉన్నది. దీనిలో ఒక శ్రేణికి కడప జిల్లాలోని నార్జి ఊరి పేరే భూవిజ్ఞానంలో స్థిరపడింది. నాపరాళ్ళని మనం పిలుచుకునేవి ఈ కుటుంబానివే. హైదరాబాదు ఇళ్ళకు షాబాదు, తాండూరు బండలు వచ్చాయి. షాబాదు నేడు కర్ణాటకలోని కలబురగి జిల్లాలో ఉన్నా, ఒకప్పుడు నిజాం రాజ్యంలోనిదే. 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు రైలు నడిచింది. తాండూరు ఆ దారిలోనే ఉన్నది. బరువైన బండ దూరం పోవాలంటే రైలు కావాలి గదా. గరుకుగా విడివడిన బండ పాదానికి పట్టునిస్తుంది. దానిని అద్దంలా నునుపు చేయించుకోవడం తరువాతి కాలపు మోజు.

ఈ షాబాదు నేల మీదనే మలుపు కూడా వచ్చింది. బండలను తవ్వుతున్న ఆ సున్నపురాతి సీమలోనే 1920లలో సిమెంటు కర్మాగారం వెలిసింది. పోర్టులాండ్ సిమెంటుకు ఇంగ్లండులో 1824లోనే పేటెంటు ఉన్నది. మన దేశంలో 1914లో పోరుబందరులో తయారీ నిలదొక్కుకున్నది. 1936లో పది కంపెనీలు కలిసి ఏసీసీ ఏర్పడినప్పుడు షాబాదు కూడా అందులో చేరింది. అంతవరకు పొరలుగా విడదీసి పరచిన రాయిని ఇక కాల్చి పొడి చేసి, ఇనుపకమ్మీల చుట్టూ పోయడం మొదలయింది.

ఇనుప కాంక్రీటు స్లాబు గొప్ప వస్తువు. నాలుగైదు అంగుళాల మందంతో గది మొత్తాన్ని దాటుతుంది. టేకు అక్కర లేదు, చెదలు లేవు, రోజుల తరబడి బల్లలతో కొట్టే కూలీలు లేరు. కూలిన మట్టిమిద్దెల కింద పోయిన ప్రాణాలను తలచుకుంటే దానికి చేతులెత్తి మొక్కాలి. కాని దానికి ఒక భయం ఉన్నది. కమ్మీకి తడి తగిలితే తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకన్న ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కాంక్రీటు లోపలి నుండి పగిలి పెచ్చులూడుతుంది. సున్నపు డాబా నీటితో కాపురం చేసింది. స్లాబుకు మాత్రం నీరు బద్ధశత్రువు. కనుక పైపొర పని వానను ఆపడం ఒక్కటే అయిపోయింది. తారుపట్టాలు, రసాయనపు పూతలు, రబ్బరు పొరలు వచ్చాయి. వీటిలో చాలావాటికి మనిషి నడక పడదు. "పైకెవరూ వెళ్ళకండి, పూత పాడవుతుంది" అన్న మాట అప్పటి నుండే వినబడసాగింది.

కప్పుల మీద ఎంత బరువును లెక్కలోకి తీసుకోవాలో చెప్పే ఐఎస్ 875 నియమావళి కూడా చదునైన కప్పులను రెండు జాతులుగా విడగొట్టింది. మనుషులు ఎక్కే కప్పుకు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు, ఎక్కని కప్పుకు అందులో సగం. ఇంజనీరుకు ఇది అవసరమైన విభజనే. కాని మనిషి ఎక్కని కప్పు అన్న మాట నా మనసులో చాలాకాలం ముల్లులా ఉండిపోయింది. పట్టణాలలో అపార్టుమెంట్లు పెరిగినకొద్దీ డాబా తలుపుకు తాళం పడింది. నీళ్ళ ట్యాంకులు, డిష్ యాంటెన్నాలు, సెల్ టవర్లు అక్కడ కాపురం పెట్టాయి. ఎవరూ ఎక్కని చోట రావి మొక్క మొలిచినా, తూముకు ఆకులు అడ్డుపడినా చూసేవారు లేరు. పై అంతస్తు వారి గదిలో చెమ్మ మరక కనబడే దాకా కప్పుకు జబ్బు చేసిందని ఎవరికీ తెలియదు.

ఇప్పుడు కాలం మళ్ళీ తిరిగింది. కొత్త భవనాలలో డాబా మీద నడకదారి, ఉద్యానం, పిల్లల ఆటస్థలం, కూర్చునే అరుగులు అమ్మకపు ప్రకటనలలోకి ఎక్కాయి. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం డాబాను అందరి ఉమ్మడి స్థలాల జాబితాలో చేర్చింది. మంచిదే. అయితే అక్కడ దేనిని పరచాలన్న ప్రశ్నకు జవాబు ఎవరు ఇస్తున్నారు? కొంతకాలం క్రితం మేముండే అపార్టుమెంటు సంఘంలో ఈ చర్చ జరిగింది. గుత్తేదారు తెచ్చిన రంగుల పుస్తకం చేతులు మారింది. అన్ని బొమ్మలూ ఉదయం వేళ తీసినవి. ఏ బొమ్మలోనూ మనిషి లేడు. ఈ వ్యాసానికి కావలసిన సమాచారం వెదకడం నేను ఆనాటి నుండే మొదలుపెట్టాను.

ఆ పుస్తకంలోని వస్తువులను వాన, ఎండ, పాదం అన్న మన పాత ముగ్గురు పరీక్షాధికారుల ముందు నిలబెట్టి చూద్దాము. గాజుపూత పలకలు మొదటి వానకే పాదం దగ్గర తప్పుతాయి. కృత్రిమ గడ్డి కంటికి పచ్చన, కాలికి నిప్పు. 2002లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో కొలిచినప్పుడు కృత్రిమ గడ్డి సగటున 47 డిగ్రీల సెల్సియస్ వేడి చూపితే, నిజమైన పచ్చిక 26 డిగ్రీలు చూపింది. తారునేల కూడా ఆ కృత్రిమ గడ్డికన్న చల్లగానే ఉన్నది. మన మే నెల ఎండలో ఏమవుతుందో ఊహించుకోండి. అసలు చెక్కకు మన వానా, చెదలూ పడవు. ప్లాస్టికూ చెక్కపొట్టూ కలిపి చేసిన పలకలు చెదలను తట్టుకుంటాయి గాని, ఎండకు సాగుతాయి. మధ్య సందులు వదలకపోతే ఉబికి లేస్తాయి.

నేడు ఎందరో ముచ్చటపడుతున్న మిద్దెతోట సంగతి వేరు. మొక్క నీడ, మట్టి తడి రెండూ కప్పుకు చల్లదనాన్నిస్తాయి. కాని తడిసిన మట్టి పది సెంటీమీటర్ల మందాన పరిస్తే చదరపు మీటరుకు సుమారు 180 నుండి 200 కిలోలు తూగుతుంది. పైన చెప్పిన 150 కిలోల లెక్కతో కట్టిన స్లాబు మీద ఇంజనీరును అడగకుండా డాబా అంతా మట్టి నింపడమంటే, ఏటేటా మట్టి పోసి మిద్దె కూల్చుకున్న పాత కథనే మళ్ళీ మొదలుపెట్టడం. కుండీలను దూలాల మీదికి, గోడల వారకు చేర్చమని తెలిసినవారు చెప్పేది ఇందుకే.

ఎండ విషయంలో తెలుపు రంగుకు మంచి సాక్ష్యం ఉన్నది. హైదరాబాదులో వాణిజ్య భవనాల మీద జరిపిన కొలతలు 2012లో ప్రచురితమయ్యాయి. పూతలేని కాంక్రీటు కప్పుకు తెల్లపూత వేస్తే చల్లదనం కోసం వాడే విద్యుత్తు 10 నుండి 19 శాతం తగ్గుతుందని ఆ కొలతల ఆధారంగా అంచనా వేశారు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పును చల్లబరచాలని లక్ష్యం పెట్టుకున్నది. అయితే దుమ్ము పడితే తెలుపు తెలుపుగా ఉండదు. ఎవరో ఒకరు ఎక్కి కడగాలి. నడిచే చోట పూతకన్న తెల్లని పింగాణీ ముక్కల గచ్చు మేలు. ముక్కల మధ్యనున్న అతుకులు పాదానికి పట్టునిస్తాయి. లేదా నీటిపొరను కింద భద్రంగా ఉంచి, దానికి కొంచెం ఎత్తున కాళ్ళ మీద గరుకు బండలు నిలిపే పద్ధతి ఉన్నది. వాన సందుల వెంట దిగిపోతుంది, కింద గాలి ఆడుతుంది, బండ నీడన నీటిపొర ఎండకు చిట్లదు. బండను ఎత్తి కింద ఏమున్నదో చూడవచ్చు కూడా. నాకు ఇందులో అన్నిటికన్న నచ్చినది ఈ ఎత్తి చూడగలగడమే.

ఇంతకూ నేను చెప్పదలచుకున్నది ఒకటే. మనిషి పాదం కప్పుకు శత్రువన్న భావన స్లాబుతో వచ్చింది. అంతకు ముందు అన్ని కాలాలలోనూ పాదమే కప్పుకు కావలి. నూనెమడ్డి పూసిన రోమనుడు, చౌడు తొక్కిన సీమ రైతు, సాయంత్రం డాబా తడిపిన గృహిణి, వీరు పైకి వెళ్ళి చూసేవారు గనుకనే ఆ కప్పులు నిలిచాయి. సున్నపు కప్పును కొట్టడానికి ఆడకూలీలు ఎండలో కూర్చున్న రోజులు మళ్ళీ రావాలని నేను కోరను. వారి శ్రమకు దక్కిన కూలి ఎంతో మనకు తెలియనిది కాదు. కాని పైపొరను ఎంచుకునేటప్పుడు రంగుల పుస్తకంకన్న ముందు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. అక్కడ నడిచేది ఎవరు? ఏ వేళ? చెప్పులతోనా, వట్టి కాళ్ళతోనా? ఏటా తొలకరికి ముందు పైకి ఎక్కి చూసే బాధ్యత ఎవరిది? ఈ చివరి ప్రశ్నకు జవాబు లేని డాబా మీద ఎంత ఖరీదైన వస్తువు పరచినా, దాని ఆయువు గుత్తేదారు రాసిచ్చిన హామీకాగితం దాటి పోదు.

డాబా, మిద్దె పనులకు సంబంధించిన మాటలు జిల్లాకొక తీరుగా ఉన్నాయి. బల్లలతో కప్పు కొట్టే పనిని, పైకప్పు మీది వెలుతురు కంతను, నీళ్ళు పోయే తూమును మీ ఊళ్ళో ఏమంటారో వ్యాఖ్యలలో రాయండి. పెద్ద మేస్త్రీలు ఇంకా మన మధ్య ఉండగానే ఆ మాటలను ఒకచోట చేర్చుకోవడం మంచిది. వచ్చిన మాటలన్నిటినీ జిల్లాల వారీగా మరొక టపాలో పెడతాను.